అబ్బాయి ఖాళీ చేసిన గది

ఆ అమ్మాయి తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడ్డ కుర్రాడెవరో ఆమెకి తెలీదు. వాడికి మాత్రం ఆ గదిలో మేకు మేకూ తెలుసు.

"ఎవరండీ మీరు?" అన్నాడు వాడు, తనే తలుపు కొట్టి.

"అది నేనడగాలి."

"ఇది నా గదండీ."

"అద్దె కడుతోంది నేనండీ."

వాడు మెట్ల మీంచి కిందకి వంగాడు. "అమ్మా, నా గదిలో ఎవరో ఉన్నారు."

కింద మిషన్ మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్న తల్లి తలైనా ఎత్తలేదు. "ఉంటారు మరి. నా బతుకు నేను బతుకుతానని ఫ్రెండ్స్‌తో వేరే గది తీసుకుని పోయినవాడివి, దీనికి తాళమేసి నన్ను కాపలా కాయమంటావా?"

"ఒక మాట చెప్పాలిగా."

"నువ్వు చెప్పి పోయావా?"

వాడు మళ్ళీ అమ్మాయి వైపు తిరిగాడు. "నా చార్జర్ లోపలుండిపోయిందండీ," అన్నాడు నీరసంగా.

చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఇచ్చినట్టు, రెండు వేళ్ళతో తెచ్చిచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నోట్లో వాడి పేరు చార్జరే.

ఇంతకీ ఆ గది కోసం ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇల్లేమో ఊరికి ఆ చివర, కాలేజీ ఈ చివర. రెండు బస్సులు మారి, నిలబడి నిలబడి కాళ్ళు పీకి, క్లాసులో కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చేది. "దగ్గర్లో గది తీసుకుంటా నాన్నా, నా వంట నేను వండుకుంటా, నా సంగతి నేను చూసుకుంటా" అని ఎన్నాళ్ళు పోరిందో.

ఆ నాన్నది లిఫ్టులు బాగుచేసే పని. పొద్దస్తమానం ఏ తీగ తెగుతుందో, ఏ బోల్టు ఊడుతుందో చూసుకునే మనిషి. కూతుర్నీ ఆ కళ్ళతోనే చూస్తాడు. చివరికి సరేనన్నాడు గానీ గది తనే వెతికాడు. మెట్ల కమ్మీలు ఊపి చూశాడు. ఇంట్లో మగపిల్లలెవరన్నా ఉన్నారా అనడిగాడు. "ఉన్న ఒక్కడూ ఇల్లొదిలి పోయాడండీ" అని ఇంటావిడ ముక్కు తుడుచుకుంటే, అప్పటికి గానీ ఆయన మొహం విచ్చుకోలేదు. "ఈ టర్మ్ చూస్తా. తేడా వచ్చిందా, మాట్లాడకుండా ఇంటికి," అని కూతురికి చెప్పి వెళ్ళాడు.

అమ్మనీ నాన్ననీ వదిలించుకుని వస్తే ఆ పిల్లకి ఇక్కడ ఇంకో అమ్మ తగులుకుంది. "అమ్మడూ, తల తడిగా పెట్టుకుని ఎక్కడికే?" "అమ్మడూ, కూర మాడుతున్నట్టుంది చూడు." ఫోన్లో మాట్లాడుతుంటే కింద మిషన్ చప్పుడు టక్కున ఆగిపోయేది. ఆగిందంటే ఆవిడ చెవులు మెట్లెక్కాయనే లెక్క.

అది చాలదన్నట్టు పైన ఈ చార్జరొకడు. ఇవాళ దుప్పటంటాడు, రెండ్రోజులాగి పుస్తకమంటాడు, ఆ తర్వాత ఎడంకాలి చెప్పంటాడు.

"అన్నీ ఒకేసారి పట్టుకుపోవచ్చుగా?"

"ఒకేసారి గుర్తురావండీ."

"ఎడంకాలి చెప్పు లేకుండా ఇన్నాళ్ళు ఎలా నడిచారు?"

"కష్టంగానే నడిచా."

ఒక సాయంత్రం కుండపోత వాన. ముద్దగా తడిసి, జుట్టులోంచి నీళ్ళు కార్చుకుంటూ గుమ్మంలో నిలబడి, "గొడుగు తీసుకుందామని వచ్చా," అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. తలుపేసుకున్నాక, ఎందుకు నవ్వానా అని తన మీద తనకే ఒళ్ళు మండింది. మర్నాడు వీధి గేటు కిర్రుమన్నప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తోంది. అది ఇంకా చిరాకు.

ఆ తర్వాత ఒక వింత మొదలైంది. పట్టుకుపోయేవాడు కాస్తా తెచ్చిపెట్టడం మొదలెట్టాడు. ఒకరోజు పుస్తకాల సంచీ. ఇంకోరోజు బక్కెట్టు, దాన్నిండా గిన్నెలు.

"ఇది గదా, సామాన్లు దాచే కొట్టా?"

"కొన్నాళ్ళేనండీ. అమ్మకి చెప్పకండి."

మూడోసారి చంకలో దిండు పెట్టుకుని వచ్చాడు. దాన్ని చూసి ఆమె తలుపుకి అడ్డం నిలబడింది.

"దిండు నా దగ్గర దాస్తే, మీ తల ఎక్కడ పెడతారు?"

వాడు గోడకేసి చూశాడు.

"మిమ్మల్నే."

"కాలేజీ పక్కన జిరాక్స్ షాపు మా ఫ్రెండుది. అందులో బల్ల పెద్దదే."

మెల్లగా లాగితే సంగతి బయటపడింది. వాడున్న ఇంటాయన కూతురొస్తోందని ఖాళీ చేయించాడు. ఫ్రెండ్స్ ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. వీడు బల్లెక్కాడు.

"కిందే అమ్మ ఉంది. నోరు తెరిచి చెప్తే చాలుగా?"

"చెప్తే సాయంత్రానికి నేను ఈ ఇంట్లో ఉంటా, మీరు మీ నాన్నగారి బండి వెనక ఉంటారు. మగపిల్లలు లేరనేగా ఆయన ఒప్పుకుంది, అమ్మ చెప్పింది. టర్మ్ అయ్యేదాకా నేను సర్దుకుంటా."

"ఎవరు సర్దుకోమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"మరెందుకు?"

వాడు దిండు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "మీరిక్కడుంటే బాగుంటుంది. నాకు."

ఆ మాట ఆమెకి నచ్చకపోలేదు. కానీ దానికంటే ముందు కోపం వచ్చేసింది.

"నా సంగతి నేను చూసుకుందామని ఇల్లు వదిలి వచ్చా. అక్కడ నన్నడక్కుండా మా నాన్న నా మంచి చూశాడు. ఇక్కడ మీ అమ్మ చూస్తోంది. ఇప్పుడు నువ్వు తయారయ్యావు. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె వాడి దిండు లాక్కుని, ధడధడా మెట్లు దిగి, మిషన్ మీద పెట్టింది.

"ఆంటీ, మీ అబ్బాయి జిరాక్స్ షాపులో బల్ల మీద పడుకుంటున్నాడు. చెప్తే నేను గది వదలాల్సొస్తుందని మీకు చెప్పలేదట. అందుకని నేను చెప్తున్నా."

ఆవిడ అదే దిండు తీసి కొడుకుని నాలుగు బాదింది. "తల్లి బతికుండగా బల్ల మీద పడుకునే ఖర్మేంట్రా నీకు? తిండెక్కడ తింటున్నావు? ఆ మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో." బాదీ బాదీ ఆగి, అమ్మాయికేసి తిరిగింది. "మరి నువ్వెక్కడికి పోతావే, అమ్మడూ?"

ఆ పిల్ల అప్పటికే నాన్నకి ఫోన్ చేస్తోంది.

"ఇంటావిడ కొడుకు తిరిగొచ్చాడు నాన్నా."

"బ్యాగు సర్దుకో. వస్తున్నా."

"సర్దుకుంటా. ఇంటికి కాదు. ఈసారి గది నేను వెతుక్కుంటా."

"నేను చూడని గదిలో నువ్వు..."

"చూడు నాన్నా, వద్దన్లేదు. నేను చూశాక చూడు."

"ఆదివారం వస్తా," అని పెట్టేశాడు.

గదిలో కలిసుంటానన్న క్లాసు అమ్మాయిని వెంటేసుకుని వీధులన్నీ తిరిగింది. ఒక గదికి కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్కింటి గోడే. ఇంకోచోట ఇంటాయన దొంగని అడిగినట్టు ప్రశ్నలు వేశాడు. తిరిగి తిరిగి, చివరికి మేడ మీద చిన్న గదొకటి ఇద్దరికీ నచ్చింది.

ఆదివారం నాన్న వచ్చేసరికి, స్టూలెక్కి కర్టెన్ రాడ్ బిగిస్తున్నాడు చార్జర్. ఈసారి వాడంతట వాడు రాలేదు. ఆమే రమ్మంది.

నాన్న స్విచ్చులు నొక్కి చూశాడు. కిటికీ ఊచలు లాగి చూశాడు. ఆ తర్వాత స్టూలు మీద ఉన్నవాణ్ణి చూశాడు.

"ఈ అబ్బాయెవరు?"

"నేను... కర్టెన్ కోసం..." అని నసిగాడు వాడు.

"ఆ ఇంటావిడ కొడుకు నాన్నా," అంది ఆమె. "నాకు నచ్చాడు. ఇప్పుడే ఏం తొందర లేదు, మా చదువులు కావాలి. నీకు తెలీకుండా ఏదీ చేయను. అందుకే ఎదురుగా చెప్తున్నా."

వాడి చేతిలో స్క్రూలు జారి గదంతా దొర్లాయి.

"ఈ మాట నాతో ఎప్పుడూ అన్లేదు," అన్నాడు స్టూలు మీంచే.

"బల్ల మీద పడుకునేటప్పుడు నువ్వు నాకు చెప్పావా?"

"ఒక్క మాట అడిగితే ఎగిరి గంతేసేవాణ్ణి."

"ఇప్పుడు గంతేయకు. స్టూలు పాతది."

నాన్న ఇద్దరివంకా మార్చి మార్చి చూశాడు. ఆయనకి మాట తోచకపోతే దగ్గరున్నదేదో ఊపి చూడటం అలవాటు. తలుపు గడియ పట్టుకుని ఊపాడు.

"వదులుగా ఉంది," అన్నాడు.

"నేను చూసుకుంటాలే నాన్నా," అంది ఆమె.

ఆయన ఆమెని చూడటంలేదు. వంగి, కాళ్ళ దగ్గరికి దొర్లొచ్చిన స్క్రూ తీసి, వాడికేసి చాపాడు.

"కర్టెన్ తర్వాత చూడొచ్చు, ముందు ఇది బిగించు," అన్నాడు. "దిగు. తలుపు నేను పట్టుకుంటా."