జీడిపప్పు రంగు వచ్చేదాకా

"తియ్యమ్మా బండి! దారంతా నీదేనేటి?"

హారన్ మీంచి చెయ్యి తీయకుండానే అరిచాడు ఢిల్లీశ్వరరావు. అతని చిన్న సరుకు బండి వెనక ట్రాలీ నిండా కొబ్బరికాయలు. చీకటి పడేలోగా కాశీబుగ్గలో దింపాలి. ముందేమో జీడితోటల మధ్య ఇరుకు ఇసుక బాట, ఆ బాటకు అడ్డంగా మిడత లాంటి ఒక పాత డర్ట్ బైక్. దాని పక్కన చున్నీ నడుముకు బిగించి, కిక్ రాడ్డును తొక్కి తొక్కి ఆయాసపడుతున్న అమ్మాయి.

ఆమె చురచురా చూసింది. "తియ్యగలిగితే ఇంతసేపూ ఇక్కడెందుకుంటాను? నీ హారన్‌కి స్టార్టవుద్దేమో, ఇంకా కొట్టు!"

ఢిల్లీ హారన్ ఆపి కిందికి దిగాడు. బండి చుట్టూ ఓసారి తిరిగాడు.

"ఆడపిల్లవి, ఇలాంటి బండేటి నీకు? స్కూటీ కొనుక్కోలేకపోయావా?"

"కొన్నాను. వెనక మా నాన్నని ఎక్కించుకుంటే ఈ ఇసకలో కూరుకుపోయింది. నాన్న పడ్డాడు. ఆయనికి కిడ్నీలు బాగోవు, వారానికి మూడుసార్లు పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆటోలు తారురోడ్డు దిగి రానంటాయి. మరేటి సెయ్యమంటావు?"

ఉద్దానంలో ఆ జబ్బు సంగతి తెలియనివాళ్ళెవరు? ఢిల్లీ వెంటనే తన సీటు కింద నుంచి స్పానర్ల సంచి తెచ్చాడు.

"పెట్రోలు అందట్లేదు. కార్బురేటర్‌లో నలక పడుంటాది. పావుగంటలో సేసేత్తాను."

"నీకు వచ్చా?"

"నా బండి నేనే ఇప్పుకుంటాను, నేనే బిగించుకుంటాను."

అతని బండి డీజిల్‌ది, అందులో కార్బురేటర్ ఉండదు. ఆ ముక్క మాత్రం అతను చెప్పలేదు.

కార్బురేటర్ అడుగు గిన్నె విప్పాడు. లోపల పెట్రోలును కొలిచి పంపే చిన్న ఇత్తడి జెట్టు ఉంటుంది, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. దాన్ని తిప్పి బయటికి తీసి, "ఇదిగో, దీని కన్నమే మూసుకుపోయింది" అని గర్వంగా పైకెత్తి చూపించాడు. పెట్రోలు తడికి వేళ్ళు జారాయి. జెట్టు ఇసుకలో పడింది.

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. ఉద్దానం ఇసుక ఎండకు ఇత్తడిలాగే మెరుస్తుంది. దొరకలేదు.

"పావుగంటన్నావు" అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. "రేపు నాన్నకి డయాలసిస్."

ఢిల్లీ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "రేపు తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాను. ఈ బండి మళ్ళీ నడిసేదాకా మీ నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళే పూసీ నాది. నీ పేరేటి?"

"తిరుమల."

"నన్ను ఢిల్లీ అంటారు."

అంత దిగులులోనూ ఆమెకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ కలిసి బైక్‌ను ఆమె వాకిటిదాకా నెట్టుకెళ్ళారు.

మర్నాడు చెప్పినట్టే వచ్చాడు. తిరుమల తండ్రి పోలారావు ఒకప్పుడు ఎంత ఎత్తు కొబ్బరిచెట్టయినా ఎక్కిన మనిషి. ఇప్పుడు చెయ్యి పట్టుకుంటే గానీ బండి ఎక్కలేడు. అయినా నోరు మాత్రం తగ్గలేదు.

"పలాసలో రైలెక్కితే పైకి ఢిల్లీ, కిందికి తిరుమల. రెండూ మా ఇంటికే వచ్చేసినాయి. ఇంక నాకు టిక్కెట్టెందుకురా!"

"జాగ్రత్తగా కూకో మావా" అన్నాడు ఢిల్లీ.

వెనక ట్రాలీలో ఖాళీ గోనెల మీద కూర్చున్న తిరుమల కిటికీలోంచి తల పెట్టింది. "మావేటి?"

"ఊళ్ళో అందరూ అందర్నీ అంటారు కదా!"

"నువ్వు మా ఊరోడివి కాదు."

పోలారావు కిటికీ వైపు తిరిగి, "అననీయే, నాకు బాగానే ఉంది" అన్నాడు.

ఆ నమూనా కార్బురేటర్ కాశీబుగ్గ షాపుల్లో ఎక్కడా లేదు. ఉత్త జెట్టూ దొరకలేదు. పాతది ఎలాగూ అరిగిపోయింది, మొత్తంగా కొత్తది వేసేయమన్నారు. వైజాగ్ నుంచి అది వచ్చేదాకా ఢిల్లీ తెల్లారకముందే లేచి, కిరాయిలన్నీ మధ్యాహ్నానికి జరుపుకుని, తండ్రీకూతుళ్ళను పలాసలో దింపేవాడు. తిరుమల తండ్రిని లోపల పడుకోబెట్టి, కాశీబుగ్గలో తను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళేది. అక్కడ గ్రేడింగ్ ఆమె పని, పప్పును రంగునుబట్టి, సైజునుబట్టి వేరుచేయడం. సాయంత్రం మళ్ళీ ముగ్గురూ కలిసి వెనక్కి. పోలారావు ఇంటికి చేరగానే, "తినేసి ఎల్లరా" అనేవాడు. అద్దెగదిలో ఒక్కడే ఉండే ఢిల్లీకి ఆ మాట రోజంతా చెవిలో ఉండేది.

పార్సిల్ వచ్చిన రోజు సన్నగా వాన. వాకిట్లో రేకు కింద బండి పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్‌లో వీడియో పెట్టి తిరుమల పట్టుకుంది. ఢిల్లీ పాతది విప్పి కొత్తది బిగించి, కేబులూ పెట్రోలు పైపూ తగిలించాడు.

"ఏదీ కింద పడెయ్యకు."

"దుప్పటి పరిసేను కదా, సూడు."

కిక్ కొట్టగానే బండి గట్టిగా అరిచింది, దగ్గింది, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

"కొత్తదానికి కూడా జబ్బేనేట్రా?" అన్నాడు అరుగు మీంచి పోలారావు.

"జబ్బు కాదు మావా, దీన్ని ట్యూన్ సెయ్యాలి. గాలీ పెట్రోలూ కుదరాలి."

స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే బొగ్గులా ఉంది. పెట్రోలు ఎక్కువవుతోందన్నమాట. కార్బురేటర్ లోపలి సూదికున్న క్లిప్పును ఒక గాడి పైకి మార్చి మళ్ళీ బిగించాడు. గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూను పూర్తిగా మూసి, కొంచెం కొంచెంగా తెరుస్తూ ఇంజన్ శబ్దం విన్నాడు. తిరుమల ఊపిరి బిగబట్టి పక్కనే వంగింది. ఆమె జడ అతని భుజం మీద పడింది. స్క్రూ ఎక్కడిదాకా తిప్పాడో అతనికి గుర్తులేదు.

"అదుగో, ఇప్పుడు బాగుంది. వెనక్కి తిప్పు... ఆ, అక్కడ!" అంది ఆమె. ఆ గుక్కపట్టిన అరుపు పోయి ఇంజన్ నిమ్మళంగా కొట్టుకోసాగింది. ఐడిల్ స్క్రూతో ఇంజన్ వేగం తగ్గించి, బాట చివరిదాకా నడిపి వచ్చి మళ్ళీ ప్లగ్ తీశాడు.

"వీడియోలో లేత గోధుమరంగు రావాలంటున్నాడు. ఇది వచ్చినట్టేనా?"

తిరుమల ప్లగ్‌ను వెలుతురులో పెట్టి, ఫ్యాక్టరీలో పప్పును చూసినట్టే చూసింది. "ఊహూఁ. కొంచెం మాడింది. ఈ గ్రేడు పాస్ కాదు."

మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. వాన వెలిసేసరికి ఆమె ప్లగ్ అందుకుని, ముఖం వెలిగిపోతుంటే, "దోరగా వేగిన జీడిపప్పు! పాస్!" అంది.

బండి ఒక్క కిక్కుకు స్టార్టయింది. తిరుమల నాన్నను వెనక ఎక్కించుకుని, ఎత్తయిన ఇసుకదిబ్బ కూడా ఎక్కించి తిరిగొచ్చింది. దిగగానే ఢిల్లీకి రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు.

"నువ్వు సేసిన సాయం మర్సిపోను. ఇంక నీకు శ్రమ లేదు. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

ఢిల్లీ నవ్వాననుకున్నాడు. స్పానర్లు సంచిలో వేసుకుని వచ్చేశాడు. బండి బాగవడం తనకే నష్టమని దారిలో తెలిసింది.

ఆ తర్వాత ఉద్దానం కిరాయి వస్తే వేరేవాళ్ళకు ఇచ్చేసి తను టెక్కలి వైపు తిప్పుకున్నాడు. రానక్కర్లేదన్న మనిషి కళ్ళబడటం ఎందుకు? ఫోన్ తీసి ఆమె నంబరు చూసేవాడు, పెట్టేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న ఆ నంబరే మోగింది.

"బండి స్టార్టవట్లేదు. నిన్నటిదాకా బాగానే ఉంది" అంది తిరుమల బెరుగ్గా. "నీకు వీలైతేనే..."

ఆమె మాట పూర్తయ్యేసరికి అతను తాళాలు తీసుకున్నాడు.

వాకిట్లో బండి పక్కన కూర్చుని, ముట్టుకోగానే కారణం కనిపెట్టాడు. ఎయిర్ స్క్రూ వదులైపోయి, ఊడిపోయేదాకా వచ్చి వేలాడుతోంది. అంత గట్టి స్ప్రింగున్న స్క్రూ దానంతటది తిరగదు.

"తిరుమలా, దీన్ని నువ్వే తిప్పేవు కదూ?"

"నేనా! నాకేటి పని?"

"నన్ను పిలవడానికి."

"పిలవాలంటే ఫోన్ నేదేటి? నాన్న పేనం బండి మీద ఉంటే దాన్ని పాడుసేత్తానా నేను?" ఆమె నిజంగానే విస్తుపోయింది.

అరుగు మీద పోలారావు దగ్గాడు. అది దగ్గు కాదు. ఇద్దరూ తలెత్తారు. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

"నాన్నా!"

"ఇయ్యాల ఆస్పత్రి నేదు కదే. సూసే తిప్పేను. ఈడు మనిసికి సాయం సేసి పారిపోయే రకం. రమ్మంటే మొహమాటం, బండి పాడైందంటే పరిగెట్టుకొత్తాడు. నువ్వేమో రోజూ ఫోన్ సూసుకుని పక్కన పెట్టేత్తావు. నాకు కిడ్నీలు పోయినాయి గానీ కళ్ళు పోనేదు."

తిరుమల చున్నీ కొనతో ముఖం కప్పుకుంది. ఢిల్లీ స్క్రూను మెల్లగా బిగిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"రానక్కర్లేదన్నావు కదా?"

"నీ కిరాయిలు పాడవుతన్నాయని అన్నాను. థాంక్స్ సెప్తే ఎలిపోతావని తెలిస్తే సెప్పుందును కాదు."

"థాంక్స్ నేనే సెప్పాలి. కాశీబుగ్గలో నా గది తాళం తీస్తే ఎవురూ ఉండరు. ఇక్కడ మీ నాన్న, తిన్నావా అనడుగుతాడు. నువ్వు, ఏదీ పడెయ్యకు అని తిడతావు. ఆ రెండూ రోజూ కావాలి నాకు. నీకిష్టమైతే."

ఆమె చున్నీ దించింది. "తిట్టడం నాకు ఇష్టమే" అంది.

మర్నాడు ఆస్పత్రి, ఆ తర్వాత ఒకరోజు విడుపు. ఆ విడుపు రోజే పోలారావు ఇద్దర్నీ బయల్దేరదీశాడు. ముందు సీట్లో ఆయన, ట్రాలీలో గోనెల మీద తిరుమల, నిమ్మాడలో ఢిల్లీ తల్లి కాంతం దగ్గరికి. కబురు ముందే అందిందేమో, ఆవిడ గుమ్మంలోనే ఉంది.

పోలారావు దిగుతూనే చేతులు జోడించాడు. "అమ్మా, నన్ను బతికించే బండికి నీ కొడుకు పేనం పోసాడు. నా కూతుర్ని నీకియ్యాలని వచ్చాను. నేను ఎన్నాళ్ళుంటానో..."

"అంత మాటనకన్నా" అంది కాంతం. "వాళ్ళ నాన్న పోయేక ఈడు నోరు తెరిసి కబుర్లు సెప్పడమే మానేసాడు. ఈమద్దినే మళ్ళీ మొదలెట్టాడు. అన్నీ మీ ఇంటి కబుర్లే. నా కొడుకుని నాకు తిరిగిచ్చినోళ్ళు మీరు. నేనే దణ్ణం పెట్టాల."

తిరుమల కాళ్ళకు వంగబోయింది. కాంతం ఆమె భుజాలు పట్టి లేపి, గడ్డం పట్టుకుని కళ్ళ నిండా చూసుకుంది.

"దణ్ణాలు తరవాత. లోపలికి రా తల్లీ, మీ నాన్నకని ఉప్పు తక్కువేసి వండేను. అన్నం సల్లారిపోతాది."