కుంకుడుకాయల మీద నింద

ఆ ఆదివారం పొద్దున్నే భీమేశ్వరరావు దువ్వెన నేలకేసి కొట్టాడు. గుర్గావ్‌లోని ఆ ఫ్లాట్‌లో ఉగాది నుంచీ ఇదే భాగోతం. అతని భార్య లీలావతి ఇడ్లీ పిండి కలుపుతున్న గరిటె పక్కన పెట్టింది.

కిందటి దసరాకు ముందు అయ్యగారు బట్టతల మీద జుట్టు నాటించుకున్నారు. మొలిచింది. ఉగాదినాడు లీలావతి ముచ్చటపడి కుంకుడుకాయలతో తలంటింది. ఆ తర్వాత పెరిగిన జుట్టంతా కొబ్బరి పీచులా ముతకబారి మెలికలు తిరిగింది. నేరం ఆవిడ నెత్తికి చుట్టుకుంది.

"నీ కుంకుడు రసమే నా కొంప ముంచింది! ఆఫీసులో 'విగ్గా భయ్యా' అని అడుగుతున్నారు."

"నాలుగు నెలలుగా పడుతున్నాను. నా కొడుకు నెత్తి పాడుచేశావని అత్తయ్య ఫోన్లో తిట్టని రోజు లేదు. ఇవాళ తేలాల్సిందే. పదండి జుట్టు నాటిన డాక్టరు దగ్గరికి."

"ఆదివారం పూట ఎందుకూ?"

"అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. లేవండి."

డాక్టరమ్మ తల చూసి హిందీలో తాపీగా చెప్పింది. నాటిన జుట్టు కొందరికి ఇలాగే ముతకగా వస్తుందట. చాలామందికి ఏడాది దాటాక మెత్తబడుతుందట, కొందరికి ఇలాగే ఉండిపోతుందట. తలంటుకీ దీనికీ సంబంధం లేదు. "ఆపరేషన్‌కి ముందే సార్‌కి చెప్పాను. ఏప్రిల్లో వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాను కదా!"

కారు దగ్గరికి వచ్చాక లీలావతి అతనివైపు తిరిగింది.

"తెలిసే అన్నారా?"

"అప్పట్లో మీ ఆఫీసు పార్టీలో నా బట్టతల చూసి నన్ను మీ నాన్ననుకుని 'అంకుల్, నమస్తే' అన్నారు. నువ్వు పగలబడి నవ్వావు."

"నవ్వాను. తప్పే. ఆ కసి ఇలా తీర్చుకున్నారా? మా అమ్మ పంపిన కాయలన్నీ చెత్తలో పోశాను. మీ జుట్టు బాగుపడాలని ప్రతి మంగళవారం ఉపవాసం ఉన్నాను. సిగ్గు లేదూ మీకు?"

ఉపవాసం సంగతి భీమేశ్వరరావుకి తెలియదు. జేబులోంచి ఫోన్ తీసి కాకినాడకు కలిపాడు.

"అమ్మా, తలంటు వల్ల కాదు. డాక్టరు ముందే చెప్పింది. నేనే లీల మీదకి నెట్టాను."

"ఫోన్ దానికివ్వు," అంది కాంతమ్మ.

లీలావతి బెరుకుగా అందుకుంది.

"అన్ని మాటలన్నానే! ఒక్కసారైనా 'నా తప్పు కాదు' అని ఎదురు చెప్పలేదేం, తల్లీ?" అంది అత్తగారు.

"నేనే పాడుచేశాననుకున్నానత్తయ్యా," అంది లీలావతి. ఇక ఏడుపు ఆగలేదు.