వెనక గోదాంలో గొంతులు

ఆ ఓడలో వెనక గోదాం వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు.

అంతరిక్షంలో తిరిగే ఓడకి పగలేమిటి, రాత్రేమిటి? పడుకునే వేళకి దీపాలు తగ్గిస్తారు... అదే రాత్రి. ఆ వేళలో గోదాంలోంచి గొంతులు వినిపిస్తాయని పేరు. ఒకసారి ఆడగొంతు, ఒకసారి మగగొంతు. ఒక్కోసారి వెక్కి వెక్కి ఏడుపు...

వినిపించవా మరి? గోదాం చివరి ఇనప తలుపులోంచే కదా పెద్దాయన్ని సాగనంపింది!

పెద్దాయనంటే కెప్టెన్. ఎక్కణ్ణించో ఓ రాయి దూసుకొచ్చి ఓడ పక్కలు చీల్చేసిన రోజున ఇంజన్ పోయింది. ఇంజన్ గదిలో ఉన్న ఆయనా పోయాడు. గుడ్డలో చుట్టి, ఆ తలుపు తీసి, బయటి చీకట్లోకి వదిలేశారు.

"మనల్ని వదిలి పోలేక అక్కడే తచ్చాడుతున్నాడ్రా," అనేది పెద్దమ్మ. "అటు పోకండి. పేరు పెట్టి పిలిచినా పలక్కండి."

పెద్దమ్మ ఆ ఓడలో వంటమనిషి. ఆవిడ కాక మిగిలింది ముగ్గురు. ఓడ నడిపే పిల్ల చిట్టి. ఏదో ఓడలోనే పుట్టి పెరిగింది, జన్మలో వాన చూడలేదు. కింద భూమ్మీంచి కబుర్లు అందుకునే అతన్ని రేడియో అనేవాళ్ళు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడడు గనక వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఇంకొకడు మెకానిక్కు. అందరికీ మేస్త్రీ. ఈ జరిగిందంతా మేస్త్రీకే జరిగింది.

నలుగురివీ నాలుగు రంగులు, నాలుగు భాషలు. ఒకరి దేవుడి పేరు ఇంకొకరికి నోరు తిరగదు. ఓడెక్కిన కొత్తలో ఉప్పడిగితే నీళ్ళిచ్చుకునేవాళ్ళు. అలాంటిది, పెద్దాయన పోయాక ఒక గూటి పక్షులయ్యారు. చిట్టికి ఒళ్ళు వెచ్చబడితే ముగ్గురికీ నిద్రుండదు. మేస్త్రీ ఎవరి మీదైనా కసురుకుంటే పెద్దమ్మ ఊరుకోదు. "నిన్ను మీ అమ్మ ఎలా భరించిందిరా నాయనా!" అని గరిట చూపిస్తుంది.

ఇంజన్ లేని ఓడ గాలివాటాన పోతోంది. గాలివాటాన అందామన్నా అక్కడ గాలి కూడా లేదు! అయినా వాళ్ళకి బతుకు మీద ఆశ చావలేదంటే అది రేడియో చలవే. రాత్రి భోజనాల వేళ తను మాత్రం తన గదిలోనే ఉండి, వీళ్ళ దగ్గరున్న స్పీకర్ మోగించేవాడు. గరగరల మధ్య కబురొచ్చేది — "మీ కోసం ఓడ బయల్దేరింది... సగం దూరం వచ్చేసింది... ధైర్యంగా ఉండండి..." ఆ వెనకే, ఎవరి ఇంటివాళ్ళ గొంతులు వాళ్ళకి వినిపించేవి. వీళ్ళు చెప్పుకున్న జవాబులు మర్నాడు పంపించేవాడు.

మేస్త్రీకి ఉన్నది ఒక్కగానొక్క అక్క. అమ్మ పోయినప్పుడు ఏదో ఓడ మీద ఉండి రాలేకపోయాడు. "ఇంక నా గుమ్మం తొక్కకు," అంది అక్క. ఏళ్ళ తరబడి మాటల్లేవు. అలాంటి అక్క గొంతు ఒక రాత్రి స్పీకర్లో వినిపించింది.

"కోపం పోయిందిరా. ఎప్పుడొస్తావు?"

పలుకు కాస్త తేడాగా ఉంది. అంత దూరం నుంచి రావాలి కదా, అనుకున్నాడు. ఎత్తిన ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచిపోయాడు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అదిగో, అలా రోజులు నెట్టుకొస్తుండగా... ఒక రాత్రి పడకల గదిలో హీటర్ ఆగిపోయింది.

చూస్తుండగానే గోడల మీద మంచు పేరుకుంటోంది. చిట్టికి పళ్ళు టకటకమంటున్నాయి. హీటర్ ఫ్యూజు ఉన్నదేమో గోదాంలో.

"తెల్లారాక చూద్దువుగాని," అంది పెద్దమ్మ.

"తెల్లారేసరికి కొయ్యబారిపోతాం, పెద్దమ్మా."

"పోనీ... కాసేపాగరా. కాసేపాగి వెళ్ళు."

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. దెయ్యమంటే ఇంత భయమా ఈవిడకి, అనుకున్నాడు. తన గుండె మాత్రం రాయా? కానీ పిల్ల అలా వణికిపోతుంటే చూస్తూ కూర్చోలేక టార్చి, పనిముట్ల సంచీ పట్టుకుని బయల్దేరాడు.

ఇరుకు నడవ. అడుగేస్తే కింద ఇనుము మూలుగుతోంది. గోడకి ఖాళీ సూట్లు వేలాడుతున్నాయి — బయటికెళ్ళి పని చేసేటప్పుడు తొడుక్కునేవి. తల వంచుకుని నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. పెద్దాయన సూటు దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ అటు చూడకుండా ఒదిగి ఒదిగి దాటాడు.

గోదాం తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల్నించి... గొంతు.

ఆగిపోయాడు. టార్చి ఆర్పేశాడు. ఊపిరి బిగబట్టాడు.

"బుజ్జీ..."

ఒళ్ళంతా జలదరించింది. ఓడలో ఎవరూ ఎరగని పేరది! చిన్నప్పుడు అక్క ఒక్కతే పిలిచేది.

"బుజ్జీ... ఇల్లంతా కడిగి పెట్టానురా... నీ మంచం కిటికీ పక్కనే వేశాను..."

అక్క! అంటే... అక్క పోయింది. పోయి, తనని వెతుక్కుంటూ చుక్కల్లో పడి ఇంత దూరం వచ్చింది...

పలకకూడదు. తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"అక్కా..."

గొంతు టక్కున ఆగిపోయింది. చీకట్లో ఏదో కదిలింది — ఒక డబ్బా దొర్లుకుంటూ వచ్చి తలుపుకి తగిలింది.

మేస్త్రీ తలుపు తోసి టార్చి కొట్టాడు.

సరుకు పెట్టెల మధ్య, నెత్తి మీంచి దుప్పటి కప్పుకుని... రేడియో!

తలుపు దగ్గర పడి ఉన్నది ఖాళీ రేకు డబ్బా. అది మూతికి పెట్టుకునే ఇంతసేపూ మాట్లాడాడు. వాడి చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"రేపటికి... సాధన చేస్తున్నా." గుసగుసగా అన్నాడు. "మీ అక్క గొంతు ఎంతకీ పట్టుబడటం లేదన్నా."

"బుజ్జి అని ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే. జ్వరంలో పలవరించావు."

మేస్త్రీ వాడి చొక్కా పట్టి పైకి లేపాడు. "అయితే అక్క... ఒక్కసారి కూడా...?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"మన కోసం వస్తున్న ఓడ?"

"ఏ ఓడా లేదన్నా. పెద్దాయన పోయిన రోజే బయట యాంటెన్నా ఊడిపోయింది. చూసొచ్చింది నేనే కదా... అప్పట్నించీ ఒక్క మాట రాలేదు, ఒక్క మాట పోలేదు. మనం బతికున్నామని ఎవరికీ తెలీదు."

కొట్టడానికి చెయ్యెత్తాడు మేస్త్రీ. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"చిట్టి తిండి మానేసింది, గుర్తుందా?" అన్నాడు రేడియో. "నువ్వు గోడకి తల బాదుకున్నావు. పది భాషలు పలకడం తప్ప నాకింకేం చేతనవును? ఏదో ఒకటి చెయ్యాలి కదా..."

"ఆ ఏడుపులు కూడా నీవేనా?"

"అవి సాధన కాదన్నా."

మేస్త్రీ గోడ దగ్గరికి నడిచి పనిముట్ల సంచీ విప్పాడు. ఫ్యూజు మార్చాడు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. ఎక్కడో హీటర్ గుర్రుమంది. వెళ్ళబోతూ వంగి, డబ్బా తీసి వాడి చేతిలో పెట్టాడు.

"మా అక్క అంత మెత్తగా మాట్లాడదు," అన్నాడు. "ఎప్పుడూ విసుక్కుంటున్నట్టే ఉంటుంది. అలా అను."

తిరిగొచ్చేసరికి చిట్టి నిద్రపోయింది. పెద్దమ్మ మాత్రం వంటగదిలో బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది.

"చూశావా వాణ్ణి?" అంది మెల్లగా.

మేస్త్రీ సంచీ బల్ల మీద పెట్టాడు. "నీకు... ముందే తెలుసా?"

"లేకపోతే దెయ్యమని పుకారెవరు పుట్టించారనుకున్నావురా? గోదాంలో మాట్లాడితే నడవంతా వినబడుతుందని వాడికి తెలీదు, పిచ్చి సన్నాసి. దెయ్యం భయం లేకపోతే చిట్టి ఏనాడో ఆ తలుపు తీసేసేది."

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజునుంచీ. స్పీకర్లో నా కొడుకు మాట్లాడాడు కదా." గ్లాసులో నీళ్ళు ఊరికే తిప్పుతోంది పెద్దమ్మ. "వాడు పోయాకే నేను ఓడెక్కింది. మీకెవరికీ చెప్పలేదు, అంతే."

హీటర్ వెచ్చగా ఊదుతున్నా మేస్త్రీకి వెన్నులోంచి చలి పాకింది.

"మరి... రోజూ వాడికి జవాబులు చెప్పి పంపిస్తున్నావు కదా, పెద్దమ్మా?"

"అడుగుతుంటే చెప్పొద్దూ?" అంది పెద్దమ్మ. ఆవిడ మొహంలోకి చిన్న నవ్వొచ్చింది. "మొన్న పెళ్ళి చేసుకుంటానన్నాడు. నేనే... నేనొచ్చేదాకా ఆగమన్నా."