మిగిలిన పన్నెండు

తొంభై రెండులో గద్వాలలో పొద్దుగూకితే చాలు, నేతపని చేసే గోవర్ధన్ ఇంటివైపు ఎవరూ కన్నెత్తి చూసేవాళ్లు కాదట. అమ్మవారి కరపత్రం చింపినందుకు ఏడో రోజే గుండె పట్టుకుని పోయాడని ఊరంతా చెప్పుకున్నారు. భార్య లలితమ్మ పాన్‌గల్‌లో పుట్టింటికి వెళ్లిపోయిందన్నారు. అయినా నడిజామున ఆ ఖాళీ ఇంట్లో మగ్గం ఆడేది – టక్... టక్...

ఆ రాత్రి రాధ అటే వెళ్లాల్సి వచ్చింది. దవాఖానకు అదే దగ్గరి దారి. భుజం మీద మూడేళ్ల కూతురు పెనంలా కాలిపోతోంది.

అంతకుముందు తన ఇంటి గడప దాటడానికే పెద్ద గొడవైంది. అత్త ఎల్లమ్మ కరపత్రం ముందర పెట్టుకుని కూర్చుంది.

"ఇరవై ఒక్కటి రాసి పంచు, జరం అదే దిగుతది. గోవర్ధన్‌కు ఏమైందో తెల్వదా?"

రాధ తొమ్మిది రాసింది. పదోది మొదలుపెట్టగానే పిల్ల కళ్లు తేలేసింది. కలం విసిరికొట్టి లేచింది.

"మరి మిగిలిన పన్నెండు?"

"నువ్వే రాసుకో, అత్తా!"

"నాకు రాత వస్తదా, పోరీ!"

గోవర్ధన్ గుమ్మం దగ్గరకొచ్చేసరికి – టక్... టక్...

రాధ పిల్లను గట్టిగా పొదువుకుంది. చప్పుడు ఆగింది. తలుపు సందులో లాంతరు... దాని వెనక చెదిరిన జుట్టు, బొట్టు లేని ముఖం.

"ఎవరు బిడ్డా... పిల్లకు జరమా?"

"ల... లలితక్కా? పాన్‌గల్ పోయినవంట గదా!"

"నేనేడికి పోతి? పగటిపూట మగ్గం ఆడిస్తే దెయ్యమని రాళ్లేస్తుండ్రు. అందుకే రాత్రి నేస్త."

"మరి అన్న... కాయితం చింపినందుకే..."

లలితమ్మ గొంతు కరుకైంది. "ఆయన పోయింది అమాస నాడు. ఊర్లకు కాయితం వచ్చింది పదకొండో దినం, అందరూ బువ్వ తిని పోయినంక. చచ్చినోడు లేచొచ్చి చింపిండా? విస్తరి ముందు కూసున్నోళ్లల్ల ఒక్కరికన్న లెక్క రాలేదా?"

రాధకు సిగ్గేసింది. ఆ బంతిలో అత్తా ఉంది, తనూ ఉంది. తినడం గుర్తుంది, రోజులు లెక్కపెట్టాలని తోచలేదు.

"నడువు," అంటూ లలితమ్మ లాంతరు పట్టి ముందు నడిచింది. వీధి పొడుగునా కిటికీలు టపటపా మూసుకున్నాయి...

నాలుగు సీసాల గ్లూకోజు ఎక్కాక, మూడో రోజు పిల్ల నీళ్లడిగింది.

రాధ ఇంటికొచ్చేసరికి అరుగు మీద కొత్త కరపత్రాల కట్ట ఉంది. ఈసారి అచ్చు వేయించినవి. కింద ఒక వాక్యం చేరింది:

"గద్వాలలో ఒక కోడలు తొమ్మిది రాసి ఆపేసి, దెయ్యం వెంట పోయింది. అత్త మిగిలిన పన్నెండు రాయించి పంచగా మనవరాలు బతికింది."