కాలు కింద పెట్టినవాడు

పెండ్లాం పోయిన మగవాడికి వేడి అన్నం ఉండదు. ఇది బక్కయ్య చేసిన ఫిర్యాదు కాదు, తేలిపోయిన సంగతి. లక్ష్మీదేవమ్మ బతికున్నప్పుడు అతను పాల క్యాన్లు దించి కాళ్లు కడుక్కునేసరికి కంచంలో ఆవిరి లేస్తుండేది. ఇప్పుడు కంచం మీద మూత ఉంటుంది. మూత కింద చల్లారిన అన్నం, చల్లారిన పప్పు. కోడలు జములమ్మ మాత్రం ఉండదు. ఆమె ఇంటి వెనక కల్లంలో బండి నేర్చుకుంటూ ఉంటుంది.

ఆ పొద్దున కూడా అంతే. బక్కయ్య మూత ఎత్తి చూసి, మళ్లీ మూసి, కల్లం వైపు నడిచాడు. జములమ్మ కల్లం నిండా ముగ్గు పిండితో పెద్ద ఎనిమిది గీసింది. దాని మీద మొగుడి మోటార్ సైకిల్‌ను నెమ్మదిగా తిప్పుతోంది. చున్నీ నడుముకు బిగించి కట్టింది. కళ్లు ముందు చక్రం మీద కాకుండా దూరంగా ఎక్కడో ఉన్నాయి.

"ముగ్గు తొక్కుతరా పిల్లా ఎవరన్నా?" అన్నాడు.

ఆమె బండి ఆపింది. "ఇది ముగ్గు గాదు మామా, ఎనిమిది. వాకిట్ల ఏసిన ముగ్గు వేరే ఉంది. దాన్ని తొక్కలే."

"దీని చుట్టు తిరిగితే ఏమొస్తది? కండ్లు తిరుగుతయి."

"లైసెన్సు వస్తది. లైసెన్సు వస్తెనే కంపెనీ వాళ్లు నా కొలువు పక్కా చేస్తరు. లేకుంటే ఈ సీజన్‌తోనే బంద్ అంటున్నరు."

ఆమెది విత్తన పత్తి కంపెనీలో కొలువు. గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో సీడ్ పత్తి వేసిన చేన్లకు పోయి, కూలీలు పువ్వులు సరిగా కలుపుతున్నారో లేదో చూసి రావాలి. ఊరికీ ఊరికీ మధ్య బస్సు ఉండదు. బండి లేనిదే ఆ పని లేదు. మొగుడు వంశీ నాగర్‌కర్నూల్ దిక్కు కాలువ పనుల్లో జేసీబీ నడుపుతాడు, ఆదివారాలే ఇంటికొస్తాడు. అతని బండి ఇంట్లోనే ఉంటుంది కనుక ఆమె నేర్చుకుంది.

"మామా, నువ్వు గూడ జర ఓసారి తిరుగరాదు? బేస్తారం మనిద్దరికీ ఒక్కటే దినం పరీక్ష. క్యాన్లు తీసేసి తిప్పు. ఖాళీ బండి నీకు కొత్తనే గద."

బక్కయ్యకు నిజంగానే లైసెన్సు కావాలి. గద్వాల రోడ్డు మీద పోలీసులు ఆపి, ఇంకోసారి దొరికితే బండి పట్టుకుపోతామన్నారు. బండి పోతే అతను తండాల్లో పోగుచేసే పాలు కేంద్రానికి చేరవు. కానీ కోడలు చెప్పిన మాట వినడమంటే అతనికి గొంతులో ముల్లు.

"నేను బండెక్కిన నాడు మీ నాయినకు సైకిల్ గూడ రాదు. నువ్వు నాకు నేర్పుతవా?" అని వెనుదిరిగాడు. చల్లటి అన్నం తిన్నాడు. కంచం చప్పుడయ్యేలా పెట్టాడు.

బేస్తవారం ఇద్దరూ రెండు బండ్ల మీద గద్వాల పోయారు. పరీక్ష మైదానంలో సున్నంతో గీసిన ఎనిమిది ఉంది. పక్కన కుర్చీలో సార్ కూర్చున్నాడు. మధ్యలో కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు, అంతే. గోడ పొడవునా జనం, ఎక్కువమంది మీసాలు కూడా సరిగా రాని పిల్లలు.

బక్కయ్య బండికి ఎన్నో ఏండ్లుగా రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతున్నాయి. పొద్దూ మాపూ ఆ బరువుతోనే తిరుగుతాడు. మోకాళ్లు వెడల్పుగా చాపి కూర్చోవడం, మలుపులో బండిని తిప్పకుండా బరువునే తిరగనివ్వడం అతనికి ఒంట్లో కలిసిపోయిన అలవాట్లు. ఇవాళ ఆఫీసు వాళ్లు ఇనుప కొక్కేలతో సహా అన్నీ విప్పించారు. ఖాళీ బండి ఎక్కగానే అది ఎవరిదో బండిలా అనిపించింది. హ్యాండిల్ దూదిలా తేలిపోయింది.

మొదటి వంపు ఎట్లో గట్టెక్కాడు. ఎనిమిది నడుము దగ్గరకొచ్చేసరికి, పాలు నిండుగా ఉన్నట్టే ఒంటిని వాల్చాడు. పట్టి నిలబెట్టే బరువు లేదు. బండి పక్కకు ఒరిగింది. ఎడమ కాలు దభీమని నేల మీద పడింది. సర్దుకుని లాగేసరికి ముందు చక్రం గీత దాటి అవతలికి పోయింది.

"పాలు ఒలికినయా తాతా?" అని గోడ దగ్గర ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

"దిగు పెద్దాయనా. ప్రాక్టీస్ చేసి మల్ల రా," అన్నాడు సార్. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే కాల్చింది.

తరువాత జములమ్మ. ఆమె గీతల మధ్య దారం ఎక్కించినట్టు పోయింది. కాలు కదల్లేదు. రెండో చుట్టు కూడా పూర్తి చేసి బయటికొచ్చి బండి ఆపింది. అప్పుడు నవ్వింది. సార్ వంక చూసి కాదు, గోడ దగ్గరి పిల్లల వంక చూసి కాదు. జనంలో వెతికి, మామను చూసి నవ్వింది. బడిలో మొదటి బహుమతి వచ్చిన పిల్ల ఇంటివాళ్లను చూసి నవ్వినట్టు నవ్వింది. బక్కయ్య ఆ నవ్వును కళ్లారా చూశాడు, తల తిప్పుకున్నాడు.

దారిలో ఆమె టీ తాగిద్దామని బండి ఆపింది. "ఫికర్ జెయ్యకు మామా. మొదటిసారి శానమంది కాలు పెడుతరు. మల్ల రాస్తే అయితది," అంది. అతను టీ సగం పారబోశాడు. మిగతా దారంతా ఆమె తన బండిని అతని బండి కంటే ముందుకు పోనివ్వలేదు. అది కూడా గమనించాడు. దాన్ని కూడా తప్పు కింద రాసుకున్నాడు.

సాయంత్రం పాల కేంద్రం దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు. కేంద్రం నడిపే అబ్దుల్ రహమాన్ పాలు కొలుస్తుంటే, వరుసలో నిలబడ్డవాళ్లలో ఒకడు అడిగాడు. "ఏందే బక్కన్నా, లైసెన్సు జేబులో వేసుకొచ్చినవా?"

బక్కయ్య చెవుల్లో ఇంకా మైదానం నవ్వే మోగుతోంది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆ సార్ నవ్వేటోళ్లకు ఇస్తుండు. నాకు నవ్వుడు రాదు."

"ఎవరు నవ్విండ్రు?"

"ఎవరా? మా ఇంట్ల ఉన్నది."

గుంపంతా భళ్లున నవ్వింది. ఈసారి నవ్వు అతని మీద కాదు. రహమాన్ మాత్రం కొలపాత్ర కింద పెట్టి, "గా మాట మంచిగ లేదు బక్కన్నా," అన్నాడు. బక్కయ్య వినిపించుకోలేదు. ఇంటికి పోతుంటే ఒళ్లు తేలికైంది. ఒలికిన పాలు ఎత్తి ఇంకొకరి గడపలో పోసి వచ్చినట్టు.

ఊరిలో మాటకు బస్సు టైము అక్కరలేదు. ఆదివారం వంశీ వచ్చేసరికి అది వాగు దాటి, పత్తి చేన్లు దాటి, రోడ్డు మీది హోటల్ దాకా పోయింది. అతనికి అక్కడే చెవిన పడింది. మధ్యాహ్నం తండ్రీ కొడుకులు తినడానికి కూర్చున్నారు. జములమ్మ వడ్డిస్తోంది. వంశీ అన్నం ముట్టలేదు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆడ నవ్వినవా?"

ఆమె గరిటె ఆగింది. "ఏడ?"

"పరీక్ష కాడ. ఆ సార్ ముంగట."

"నవ్విన."

వంశీ ముఖం నల్లబడింది. "అయితే ఊరోళ్లు ఉత్తగ అంటలేరన్నట్టు."

"పరీక్ష అయిపోయినంక నవ్విన. మామను జూసి నవ్విన. అంటే మొన్నటి సంది చేన్ల కాడ ఆడోళ్లు అంటున్నది ఇదేనా? 'నవ్వరాదు సూపర్వైజరమ్మా, మాగ్గూడ ఒక లైసెన్సు ఇప్పియ్యి' అంటుండ్రు. ఎవరు పుట్టిచ్చిండ్రో అని నేను పరేషాన్ అయితున్న."

"ఎవరో కాదు. మా నాయిననే అన్నడంట."

జములమ్మ మామ వైపు తిరిగింది. బక్కయ్య అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నాడు. కలిసిపోయిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నాడు.

"మామా, నువ్వు ఆడనే నిలబడి ఉంటివి. నేను ఎవర్ని జూసి నవ్విననో చెప్పు."

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకే నేల మీద పడ్డ కాలు, దాటిన గీత, కోడలు ఇప్పించిన టీ అన్నీ వచ్చాయి. ఒకటి చెబితే అన్నీ చెప్పాలి.

"నేను చూడలే," అన్నాడు. "బండి కాడ ఉంటి."

"చూడలేదా?"

"చూడలే అంటున్న గద."

ఆమె ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, మేకుకున్న బండి తాళంచెవి తీసి మొగుడి కంచం పక్కన పెట్టింది. "నీ బండి నీకే ఉండనీ. రేపట్నుంచి నేను చేన్లకు పోను. కంపెనీ వాళ్లకు ఫోన్ జేసి చెప్త," అంది. తరువాత మామ కంచం వైపు చూసి, "ఇంకింత వెయ్యనా మామా?" అని అడిగింది. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది బక్కయ్యకు.

మరునాడు పాలు పోసి ఇంటికొచ్చాడు. కల్లంలో చప్పుడు లేదు. కాళ్లు కడుక్కుని లోపలికి పోతే పీట వేసి ఉంది. కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. పక్కన అప్పుడే తాలింపు పెట్టిన గోంగూర పప్పు. జములమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వంశీ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, పనికి పోలేదు.

బక్కయ్య ముద్ద ఎత్తాడు. వేలు కాలింది. ఇన్నాళ్లూ కావాలనుకున్నది ఇదే. నోటి దాకా తెచ్చి, కంచంలో వదిలేశాడు. లక్ష్మీదేవమ్మ ఉంటే ఈ పాటికి అడిగి ఉండేది, ఆ పిల్ల ఏం చేసిందని దాని బతుకు మీద ఉమ్మేసినవ్ అని. చేయి కడుక్కుని లేచాడు.

"అన్నం, మామా," అంది జములమ్మ.

"అటెనుక," అన్నాడు. చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఊరవతల సీడ్ పత్తి చేనులో ఆడవాళ్లు వరుసగా నిలబడి మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రుద్దుతున్నారు. పొద్దెక్కకముందే కావాల్సిన పని, అందుకే చేతులు ఆగవు, నోళ్లూ ఆగవు. బక్కయ్యను చూడగానే కూలీల పెద్ద ఏసమ్మ అంది, "ఏంది బక్కన్నా, కోడలు రాలే. సూపర్వైజరుగ నువ్వొచ్చినవా?"

కిసుక్కుమన్నారు. బక్కయ్య గట్టు మీద నిలబడ్డాడు. మగవాళ్లకు చెప్పడం కన్నా ఇక్కడ చెప్పడం కష్టమని తెలిసే ముందు ఇక్కడికి వచ్చాడు.

"జర ఇనుండ్రి. గద్వాలల నేను కాలు కింద పెట్టిన. గీత దాటిన. సార్ నన్ను దిగుమన్నడు. నా కోడలు కాలు పెట్టలే, గీత దాటలే. పరీక్ష గెలిచింది. ఆమె నవ్వింది నన్ను జూసి. నేను చూసిన. చూసి గూడ అబద్ధమాడిన."

చేతులు ఆగిపోయాయి. ఏసమ్మ ఒక్కతే మాట్లాడింది. "మొన్న నీ నోటికి తలుపు లేకుండె. ఇయ్యాల యాడికెల్లి తెచ్చి పెట్టిచ్చినవ్?"

"అను. ఇంక అను. పడుత," అన్నాడు బక్కయ్య.

ఏసమ్మ గొంతు తగ్గించింది. "మేము గూడ అన్నం తినేటోళ్లమే. ఆ పిల్లను మేమూ మస్తు ఏడిపిచ్చినం," అని తల వంచుకుని పువ్వు అందుకుంది.

సాయంత్రం పాల కేంద్రం దగ్గర అవే మాటలు చెప్పాడు. వంశీని క్యాన్ పట్టుకురమ్మని వెంట తీసుకుపోయాడు. కొడుకు వినాలి. మొన్న నవ్వినవాళ్లు ఇవాళ చూపులు ఎటు పెట్టుకోవాలో తెలియక పాల వైపు చూశారు. "గిప్పుడెందుకు చెప్తున్నవే?" అన్నాడొకడు.

"పాలు కొలువు రహమాన్ భాయ్," అన్నాడు బక్కయ్య. రహమాన్ కొలిచాడు.

వంశీ తండ్రి కోసం ఆగలేదు. ముందే ఇంటికి నడిచాడు. బక్కయ్య చేరేసరికి అతను పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాళంచెవి పెండ్లాం చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు. "నేను అడగకుండ ఉండాల్సింది. నిన్ను అడుగుడే తప్పు," అంటున్నాడు. జములమ్మ ఇప్పుడు ఏడుస్తోంది. ఏసమ్మ అప్పటికే వచ్చి, పొద్దున తప్పకుండా చేనుకు రమ్మని చెప్పి పోయిందట. కంపెనీకి జములమ్మ ఇంకా ఫోన్ చేయలేదట, మనసు ఒప్పలేదట.

మామను చూసి ఆమె లేచి నిలబడింది. కండ్లు తుడుచుకుంది. గొంతులో కోపం లేదు, అదే అతను భరించలేకపోయాడు.

"మామా, ఒక్కటే అడుగుత. ఎందుకన్నవ్ ఆ మాట?"

బక్కయ్య గుంజను పట్టుకున్నాడు. కండ్లలో నీళ్లు నిండాయి. దాచుకోవడానికి తల వంచాడు, అవి నేల మీద పడ్డాయి.

"సిగ్గయింది బిడ్డా. నా సిగ్గును నీ నెత్తిన పెట్టిన." ఆమెను బిడ్డా అని పిలవడం అదే మొదలు. తరువాత గొంతు గట్టిపడింది. "చెప్పాల్సిన కాడ చెప్పిన, చెప్పాల్సినోళ్లకు చెప్పిన. ఇంక ఈ ముచ్చట ఈ ఇంట్ల లేవొద్దు. నువ్వు అడగొద్దు, వాడు అడగొద్దు. నేను సచ్చేదాక చెప్ప."

"సరే మామా," అంది జములమ్మ.

అన్నట్టే చేశాడు. పాల కేంద్రం దగ్గర ఎవరైనా గద్వాల పరీక్ష ఊసు ఎత్తితే, క్యాన్ల మూతలు బిగించుకుని, బండెక్కి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు.