ఫ్రాన్సిస్ వైపు వైరు

"మీకు బేస్ గిటార్ విప్పడం వచ్చాండి, మైకులు మాత్రమేనా?"

ఆమె నన్ను అడిగిన మొదటి మాట ఇది. నాకు ఒళ్లు మండింది. తెనాలి మారీసుపేటలో ఏడేళ్లుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. చుట్టుపక్కల ఏ ఫంక్షన్ హాల్లో స్పీకరు గరగరమన్నా ముందు ఈ భరద్వాజకే ఫోన్ వస్తుంది.

"వచ్చండి. మీకు వాయించడం వచ్చా?" అన్నాను.

నవ్వింది. అక్కడితో నా పని అయిపోయింది.

పేరు తనూజ. రేపల్లెలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. ఆ శనివారం మధ్యాహ్నం ఇంచుమించు తనంత ఎత్తున్న సంచిని భుజాన వేసుకుని రేపల్లె రైల్లో వచ్చింది.

"ఇది మోనోలో ఉందండి. స్టీరియో చెయ్యాలి. తీగల కిందున్న రెండు పికప్‌ల సౌండూ కలిసి ఒకే దారిన బయటికొస్తోంది, విడదీయాలి. పైది నా పక్కనుండే చిన్న ఆంప్‌కి. కిందది ఫ్రాన్సిస్ బోర్డు మీదుగా హాలు స్పీకర్లకి."

"ఫ్రాన్సిస్ ఎవరండి?"

"మా బ్యాండ్‌లో కీబోర్డు వాయిస్తాడు. ఎఫెక్టులన్నీ తనే కలుపుతాడు. అసలు ఈ ఐడియానే తనది."

వాయిస్తాడట. కలుపుతాడట. నాకేమో మాటకో అండి, అతనికి గారు కూడా లేదు. మనిషిని చూడకుండానే నాకు అతనంటే గిట్టలేదు.

నిజానికి అది గంట పని. కేబుల్ గుచ్చే పాత జాక్ తీసేసి మూడు కాంటాక్టుల జాక్ పెట్టి, రెండు పికప్‌ల వైర్లనూ విడివిడిగా సోల్డర్ చేస్తే చాలు. అలాంటి జాక్‌లు నా సొరుగులో అరడజను ఉన్నాయి.

"చెన్నై నుంచి రావాలండి," అన్నాను.

రెండో శనివారం వాల్యూమ్ నాబ్ మీద నెపం పెట్టాను. మూడో శనివారం కరెంటు లేదన్నాను. ఆమె తిరుగుతున్న ఫ్యాను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

"సరేనండి. టీ తాగుదాం," అంది.

టీతో పాటు మాటల్లోకి ఫ్రాన్సిస్ కూడా వచ్చాడు.

"ఫ్రాన్సిస్ అల్లం టీ ఎంత బాగా పెడతాడో!"

"అల్లం ఎక్కువైతే కడుపులో మంటండి."

"మీకుందా?"

"ఈ మధ్యే మొదలైంది."

నాలుగో శనివారం వాన. స్టేషన్ దాకా గొడుగు పట్టుకుని వెళ్లాను. "నాకు కాదు, బేస్‌కి పట్టండి," అంది. పట్టాను. ఇద్దరం నిలువునా తడిశాం. ఆ పది నిమిషాలూ ఫ్రాన్సిస్ పేరు రాలేదు. ఆ వాన ఇంకాసేపు పడితే బాగుండుననిపించింది.

ఐదో శనివారం ఆమె మొహంలో నవ్వు లేదు. "రేపు మధ్యాహ్నం బాపట్లలో రిసెప్షన్ ప్రోగ్రామండి. మా బ్యాండ్‌కి ఇదే మొదటిది. ఇవాళ అయిపోవాలి."

గంటలో చేసేశాను. వాయించి వినిపించి అప్పగించడం మా షాపు ఆనవాయితీ. రెండుగా చీలే నా కేబుల్ తగిలించి, చెరో స్పీకర్‌కీ ఇచ్చాను. ఒక పక్క నుంచి ముద్దగా, ఇంకో పక్క నుంచి పదునుగా సౌండ్ వచ్చింది. ఆమె కళ్లు మెరిశాయి.

"ఇది వెంటనే ఫ్రాన్సిస్‌కి వినిపించాలి!"

చేసింది నేను. వినాల్సింది ఫ్రాన్సిస్!

ఆమెకి ఇవ్వాల్సిన కొత్త కేబుల్ ఇంకా బల్ల మీదే ఉంది. ఫ్రాన్సిస్ వైపు పిన్నులో వైరు సోల్డర్ చెయ్యకుండానే మూత బిగించి, నవ్వుతూ ఆమె చేతిలో పెట్టాను. ప్రోగ్రామ్ పాడైపోవాలని కాదు. ఆ అల్లం టీ మహానుభావుడు అందరి ముందూ నీళ్లు నమలాలని, అంతే.

ఆ వేడుక చూడ్డానికి ఆదివారం బాపట్ల వెళ్లాను. షాపులో వాడిన నా మంచి కేబుల్ సంచిలోనే ఉంది.

ఫ్రాన్సిస్ తన బోర్డులో పిన్ను గుచ్చగానే హాలంతా బుర్రుమని మోత. ప్రోగ్రామ్ పెట్టించిన ఆయన పరుగెత్తుకొచ్చి బేస్ కేబుల్ పీకేశాడు.

"పెళ్లివారు వచ్చేస్తున్నారమ్మా! ఈ బేస్ లేకుండా కానిచ్చేయండి."

"బేస్ లేకపోతే నేనూ వాయించనండి," అన్నాడు పక్కనున్న పొడుగాటి మనిషి. అతనే ఫ్రాన్సిస్. అందగాడు, పైగా మంచివాడు కూడా. నాకు మరీ కడుపు మండింది.

తనూజ పీకేసిన కేబుల్ అందుకుంది. స్టేజీ చివర కూర్చుని పిన్ను మూత విప్పబోయింది. మొదటి ప్రోగ్రామ్ రోజే ఆమె అలా కూర్చోవడం చూశాక నా అసూయ ఎంత నీచంగా ఉందో నాకు తెలిసొచ్చింది.

"విప్పకండి తనూజ గారూ. లోపల సోల్డరింగ్ లేదు," అన్నాను దగ్గరికెళ్లి.

"మర్చిపోయారా?"

అవునంటే చాలు, గట్టెక్కేవాణ్ని.

"మర్చిపోలేదండి. కావాలనే వదిలేశాను. మీరు ఫ్రాన్సిస్ పేరు ఎత్తినప్పుడల్లా నాకు అసూయండి. మీరంటే ఇష్టం. అది చెప్పడం చేతకాక ఈ పని చేశాను."

 నేను మంచి కేబుల్ తీసి ఇచ్చాను. ఆమె లాక్కున్నట్టు అందుకుని స్టేజీ మధ్యకి వెళ్లిపోయింది.

గంటన్నర వాయించింది. నా వంక ఒక్కసారైనా చూడలేదు. బేస్ మోగినప్పుడల్లా నా కుర్చీ అదిరింది. ఈ మనిషిని నా చేతులారా పోగొట్టుకున్నానని గంటన్నరా ఏడుపొకటే తక్కువ.

ప్రోగ్రామ్ అయ్యాక ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఇది గంట పనని ఫ్రాన్సిస్ మొదటి వారమే చెప్పాడు."

"తెలిసీ ఐదు వారాలు వచ్చారా?"

"మీరు నోరు విప్పుతారేమోనని వచ్చాను. ఫ్రాన్సిస్ మాటెత్తితేనైనా కదులుతారనుకున్నా. కదిలారు లెండి, నా పరువు తీసేంతగా!"

"తప్పేనండి."

"తప్పే. కోపమొస్తే నన్ను తిట్టండి. నా బేస్ జోలికి మాత్రం రాకండి. ఇంకోసారి అసూయ పుడితే నాకే చెప్పండి."

"రోజూ పుడుతుందండి."

కళ్లలో కోపం ఇంకా పోలేదు. 

"అయితే రోజూ చెప్పు," అంది.