అరవై నాలుగు ఆవులూ, ఒక గేటూ

"బాబూ, ఆ బెల్లు ఆపండి!" సొలెన్ గట్టిగా అరిచింది.

కంచె అవతల సైకిల్ పట్టుకుని నిలబడ్డ మనిషి ఆపలేదు. పలకరిస్తోంది అనుకున్నాడో ఏమో, నవ్వుతూ ఇంకోసారి ట్రింగ్ ట్రింగ్ మని మోగించాడు.

ఇంకేముంది! పాలు పితికే వేళకు బుద్ధిగా కొట్టం వైపు నడుస్తున్న అరవై నాలుగు ఆవులూ టక్కున ఆగి, మెడలు తిప్పి, ఆ బెల్లు వైపు బయల్దేరాయి. ఫ్రాన్సులోని ఈ నార్మండీ జాతి ఆవుకు ఏదైనా చూడాలనిపించిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. నిమిషంలో కంచె పొడుగునా తలలే తలలు. కళ్ళ చుట్టూ గోధుమరంగు మచ్చలేమో, కళ్ళజోళ్ళు పెట్టుకుని పెళ్ళికొడుకును చూడ్డానికొచ్చిన మేనత్తల్లా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు దుషెస్. ఆ పేరుకి దొరసాని అని అర్థం, నడకా అంతే. అది తాపీగా మెడ చాచి అతని చేతిలో కాగితాల కట్ట లాక్కుని నమలసాగింది.

"అయ్యయ్యో! అది జిల్లా ఆఫీసు ప్లానండీ!"

"చూస్తూనే ఉన్నాను. దానికి నచ్చినట్టుంది. మీ ఆఫీసు నుంచి వచ్చినవాటిలో నాకింతవరకూ ఒక్కటీ నచ్చలేదు."

ఆ జిల్లా మొత్తానికి గొప్పగా చెప్పుకునే వస్తువు ఒకటుంటే అది ఆ సైకిల్ దారే. రైళ్ళు ఆగిపోయి పట్టాలు పీకేశాక ఆ రైలుకట్ట మీదే వేశారు. అరవై కిలోమీటర్లు. కారు లేదు, లారీ లేదు, పొగ లేదు. ఆపిల్ తోటల్లోంచి, ఏటి పక్కనుంచి, పాత వంతెనల మీదుగా ఎనిమిదేళ్ళ పిల్లా ఎనభై ఏళ్ళ ముసలాయనా పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కుకుంటూ పోవచ్చు. సంచులు కట్టుకుని ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చేవాళ్ళు.

ఒక్కచోటే తెగింది. సొలెన్ వాళ్ళ పొలం దగ్గర. పట్టాలు పీకిన ఏడాదే ఆమె తాత తన పొలంలో పడ్డ తొమ్మిది వందల మీటర్ల కట్టను కొనేశాడు. అక్కడికొచ్చేసరికి సైకిళ్ళన్నీ దిగి లారీల రోడ్డెక్కాలి. మూడు కిలోమీటర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాలి. "అంతా ఆ పిల్ల మొండితనం," అని వాల్‌మరీ ఊరంతా అనుకునేది.

మొండితనం కాదు. కొట్టం కట్టకు ఇటు, పచ్చిక అటు. రోజుకు నాలుగుసార్లు మంద ఆ కట్ట దాటాలి. దాటనివ్వకపోతే ఆవుల్ని అమ్ముకోవడమే. మూడు తరాలుగా పెంచిన మంద అది. ఊళ్ళో వెన్నకు పేరొచ్చిందే ఆ పాలవల్ల.

"మీకు ముందు ముగ్గురొచ్చారు," అంది సొలెన్. "ముగ్గురి ప్లానులోనూ ఆవుల్ని ఆపడానికి గేట్లు. పైన ఎర్రసిరాతో 'అడ్డంకి: పశువులు' అని. మీ దాంట్లో కూడా అదే ఉందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఉంది. నా పేరు తిబో. దారుల విభాగం. నెలాఖరుకు జిల్లా సభలో ఓటింగు. మీరు ఒప్పుకోకపోతే దారిని లారీల రోడ్డు పక్కకే మళ్ళించేస్తారండి, శాశ్వతంగా."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నాను."

అబద్ధం ఆడ్డం రానివాడిలా ఉన్నాడు. సొలెన్‌కి కాస్త నవ్వొచ్చింది, కానీ బయటపడలేదు. "సరే. వారం రోజులు నాతోపాటు మందను దాటించండి. రోజుకు నాలుగుసార్లు. ఆ తర్వాత మాట్లాడదాం." ఆ మాటకి పారిపోతాడనుకుంది.

మర్నాడు పొద్దున్న ఆరు కొట్టకముందే, పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి కొట్టం ముందు నిలబడ్డాడు. బెల్లుకి గుడ్డ చుట్టేసుకుని మరీ!

మొదటిరోజు పేడలో జారి పడ్డాడు. రెండోరోజు దుషెస్ అతని టోపీ తిన్నది. మూడోరోజు కుండపోత వాన. ఇద్దరూ కొట్టం చూరు కింద ముద్దముద్దగా తడిసి నిలబడితే, సొలెన్ నానమ్మ ఎర్నెస్టీన్ లోపల్నుంచి కేకేసింది.

"ఆ అబ్బాయిని లోపలికి తీసుకురా పిల్లా! వాన్లో నానబెట్టడానికి అతనేమన్నా బఠాణీనా?"

ఎనభై ఆరేళ్ళ ఎర్నెస్టీన్ చేతి ఆపిల్ టార్టు మీద మీగడ వేసి పెడితే వద్దనేవాడు ఆ జిల్లాలో పుట్టలేదు. తిబో మూడు ముక్కలు తిన్నాడు.

"నువ్వు దారుల మనిషివా? నేనూ ఆ దారి మనిషినే," అంది ముసలావిడ. "పద్నాలుగేళ్ళు ఇక్కడే రైలు గేటు కాశాను. రైలొస్తుంటే గేటు దించేదాన్ని, అవతల మా ఆయన ఆవులతో ఆగిపోయేవాడు. అప్పటికింకా మా ఆయన కాదనుకో."

"తాత పోయేదాకా దెప్పేవాడు," సొలెన్ నవ్వింది. "నానమ్మ గడియారం పది నిమిషాలు ముందు నడిచేదట. రైలు పక్క స్టేషన్లో ఉండగానే గేటు దించేసేదట."

"కాఫీ తాగండి, చల్లారిపోతోంది," అని మాట మార్చేసింది ఎర్నెస్టీన్.

ఐదోరోజుకు తిబోకి అరవై నాలుగు పేర్లూ నోటికొచ్చాయి. ఆరోరోజు సాయంత్రం కొట్టం మూల అతను ఆగిపోయాడు. కోళ్ళు వరసగా కునుకుతున్న పొడుగాటి దూలాలు రెండు. రెట్టల కింద ఎరుపూ తెలుపూ చారలు.

"ఇవి..."

"నానమ్మ గేట్లే. తాత పారేయనివ్వలేదు."

అతను ఏదో గుర్తొచ్చినవాడిలా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట అతను లేని కొట్టం సొలెన్‌కి వెలితిగా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఏడోరోజు అతను రాలేదు. మేయర్ ఫోనొచ్చింది.

"శుభాకాంక్షలమ్మా! గేట్లకు ఒప్పుకున్నావటగా? తిబో పంపిన ప్లాను ఇప్పుడే చూశా. రెండు గేట్లు! నీ సంతకం ఒక్కటే తరువాయి."

సొలెన్‌కి ఒళ్ళు భగ్గున మండింది. వారం రోజులు నాటకమాడాడా? టార్టు తిని, పేర్లు నేర్చుకుని, చివరికి ఆవుల్ని ఆపే గేట్లేనా! వేసుకున్న బురద బూట్లతోనే వ్యాన్ తోలుకుంటూ జిల్లా ఆఫీసుకెళ్ళి అతని బల్ల ముందు నిలబడింది.

"మీరు కూడా అంతేనన్నమాట. ఎంత నమ్మాను మిమ్మల్ని! నా ఆవుల పేర్లు మర్చిపోండి, ఇక మా గుమ్మం తొక్కకండి."

"సొలెన్, ఒక్కసారి ప్లాను—"

"చూడక్కర్లేదు!"

"మీరు చూడకపోతే దుషెస్‌కి పెడతాను. దానికైనా నచ్చుతుంది."

పక్క బల్లలవాళ్ళు కిసుక్కున నవ్వారు. సొలెన్ పళ్ళు కొరుకుతూ కాగితం లాక్కుంది.

రెండు గేట్లున్నాయి, నిజమే. రైలు రోజుల్లో అవి ఆవుల బాటకు అడ్డంగా పడేవి. తిబో వాటిని తిప్పేశాడు. ఇప్పుడవి సైకిల్ దారికి అడ్డంగా పడతాయి, ఆవుల బాటకు ఇటొకటి, అటొకటి. మధ్యలో బాట బార్లా తెరిచి ఉంది. పక్కన అతని చేతిరాత: "మంద దాటినంతసేపు రాకపోకలు ఆగును. గేటు అధికారం పొలం యజమానిది." ఆ పైన, ఎర్రసిరాతో: "అడ్డంకి: సైకిళ్ళు."

ఆమె ఆ లైను రెండుసార్లు చదివింది.

"నాలుగుసార్లు దాటడానికి మొత్తం గంటన్నర," అన్నాడు తిబో నెమ్మదిగా. "వారమంతా కొలిచాను. అరవై కిలోమీటర్లు తొక్కేవాళ్ళు మీ ఆవుల కోసం కాసేపు ఆగలేరా? ఆగుతారు. ఆగడం వాళ్ళకే గొప్ప."

"ఇలాంటి ప్లానుకి ఓటెవరేస్తారు?"

"మీరు పక్కన కూర్చోండి. నేను మాట్లాడతాను."

సభలో అతను అరగంట మాట్లాడాడు. గణాంకాలు చెప్పలేదు. దుషెస్ మొదలుకొని అరవై నాలుగు పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పి, "ఈ దారి మీద అందరికంటే సీనియర్లు వీళ్ళండీ," అన్నాడు. వెనక వరసలో కూర్చున్న సొలెన్ జీవితంలో అంత నిటారుగా ఎప్పుడూ కూర్చోలేదు. ఒక్క ఓటు తప్ప అన్నీ పడ్డాయి.

పనులు చలికాలమంతా నడిచాయి. గేట్లకు కొత్త రంగు తనే వేస్తానని పట్టుబట్టింది ఎర్నెస్టీన్. ఆపిల్ చెట్లు పూతకొచ్చిన మే నెలలో ప్రారంభం. ఐదింటికి వద్దు, అది మంద వేళ అని సొలెన్ ఎంత చెప్పినా మేయర్ ఐదింటికే పెట్టాడు.

రెండు వందల సైకిళ్ళు. మేయర్ మూడు రంగుల పట్టీ వేసుకుని, కత్తెర పట్టుకుని, "మా దారికి ఇవాళ అతుకు పడింది—" అని మొదలుపెట్టాడో లేదో, సొలెన్ గేటు చేతిపిడి తిప్పింది. రెండు గేట్లూ దిగాయి. మంద వచ్చింది.

ఒక్కడు కూడా బెల్లు కొట్టలేదు. పిల్లలు సైకిళ్ళు దిగారు, పెద్దవాళ్ళు హెల్మెట్లు తీశారు. ఏ ఆవుల్ని అడ్డంకి అన్నారో ఆ ఆవులు రెండు వందల మంది మధ్యనుంచి తాపీగా నడిచిపోయాయి. దుషెస్ మాత్రం గేటు మీదుగా మెడ చాచి, కట్టిన రిబ్బన్ని లాగి నమిలేసింది. మేయర్ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. జనం ఒకటే చప్పట్లు. సొలెన్‌కి కళ్ళు చెమర్చాయి. తాత ఉంటే బాగుండేదనిపించింది.

చివరి ఆవు దాటింది. గేటు లేవలేదు.

"సొలెన్!" అవతలి వైపు సైకిల్ పట్టుకుని ముందు వరసలో ఉన్న తిబో పిలిచాడు. "అన్నీ దాటేశాయండి. అరవై నాలుగు, నేను లెక్కపెట్టాను."

"ఇంకొకరున్నారు."

"ఎవరు?"

"పద్దెనిమిది కిలోమీటర్ల నుంచి రోజూ వచ్చే ఒకాయన. ప్లాను అయిపోయింది, దారి అయిపోయింది. అయినా చలికాలమంతా వస్తూనే ఉన్నాడు. రంగు ఆరిందా, మేకు బిగిసిందా అంటాడు. అసలెందుకొస్తున్నాడో మాత్రం చెప్పడు. చెప్పేదాకా గేటు లేవదు."

రెండు వందల మంది ఒక్కసారిగా అతని వైపు మెడలు తిప్పారు. తిబో చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్ను చూడ్డానికి," అన్నాడు. ఇన్నాళ్ళూ 'మీరు' అన్నవాడు!

"వెనక వినపడట్లేదయ్యా!" ఎవరో అరిచారు.

"నిన్ను చూడ్డానికే సొలెన్! నువ్వంటే నాకు ఇష్టం! బెల్లు ఆపమని తిట్టావే, ఆ రోజునుంచీ!"

సొలెన్ పిడి వదిలేసింది. "మరి రా. నాకూ ఇష్టమే. నా ఆవుల్ని అడ్డంకి అని రాసుకొచ్చి, ఆ మాట వెనక్కి తీసుకున్న మగాడివి నువ్వొక్కడివే."

"నేను తీసుకోలేదు. దుషెస్ తినేసింది."

అతను సైకిల్ని మేయర్ చేతిలో పెట్టి, గేటు కింద నుంచి దూరి ఇవతలికొచ్చాడు. ఆ తర్వాత కాసేపు ఎవరికీ గేటు గుర్తురాలేదు.

కుర్చీలో కూర్చున్న ఎర్నెస్టీన్ కళ్ళద్దాలు తుడుచుకుంది. "పిల్లా," అంది, "మీ తాతకి చివరిదాకా చెప్పలేదు, నీకు చెబుతున్నా. నా గడియారం ఏనాడూ ఒక్క నిమిషం కూడా తప్పు నడవలేదు. సరే, ఇక గేటెత్తండి, పాపం వాళ్ళందరూ చాలా దూరం వెళ్ళాలి."